వదిన బిగించిన కంప్యూటర్

ఇంటి నుంచి
వానలు వెనకబట్టిన వారం

పిచ్చుకా,

మేమిద్దరం బాగానే ఉన్నాం. కొండ మీద గాలినీ వాననీ కొలుచుకుంటూ నువ్వు అంతకంటే బాగానే ఉండుంటావు. ఈ సంగతి ఫోన్లోనే చెబుదామనుకున్నాను. కానీ మన ఫోన్ వ్యవహారం తెలిసిందేగా. నువ్వు ఆఁ ఆఁ అంటావు, నేను వినపడుతోందా అంటాను, ఈలోగా మీ గాలి వచ్చి మాటలన్నీ ఎత్తుకుపోతుంది. జీపతను వారానికోసారి తెచ్చినా ఉత్తరమే నయం. చెప్పింది చెప్పినట్టు చేరుతుంది.

నేనొక కంప్యూటర్ తయారుచేద్దామనుకుంటున్నాను. కొనుక్కురావడం కాదు. ముక్కలు విడివిడిగా తెచ్చి, ఇంట్లో కూచుని బిగించడం. నవ్వుకో. నవ్వాక మిగతాది చదువు.

ఇన్నేళ్ళూ పిల్లల పుస్తకాలకి కాగితం మీద బొమ్మలు వేసి, అట్టల మధ్య పెట్టి పంపించాను. ఇప్పుడు ప్రచురణ సంస్థలో కొత్తగా వచ్చిన అమ్మాయి ఫైలుగా పంపమంటోంది. ఏనుగు చెవి కాస్త పెద్దది చేయాలంటే కాగితం మీదైతే ఏనుగంతా మళ్ళీ వేయాలి, ఫైలైతే చెవి ఒక్కటీ లాగితే చాలునంది. నిజమే, లాగి చూశాను. మా అమ్మాయి చదువయ్యాక వదిలేసిపోయిన లాప్‌టాప్ మీద నేర్చుకుంటున్నాను. చిక్కల్లా ఏమిటంటే, నేను గీసిన గీత, లేచి వెళ్ళి పొయ్యి మీద టీ దించి వచ్చాక గాని తెర మీద కనపడదు. తొండం పడలేదనుకుని ఇంకోసారి గీస్తే ఏనుగుకి రెండు తొండాలొచ్చాయి.

ఇక మీ అన్నయ్య. ఎండాకాలంలో గడియారాల కొట్టు షట్టర్ దించారు, మళ్ళీ ఎత్తలేదు. చేతికి వాచీ పెట్టుకునేవాళ్ళు ఎవరున్నారిప్పుడు అంటారు. పనిబల్ల కూడా ఇంటికి తెప్పించి, మేడ గదిలో కిటికీ పక్కన వేయించి, దాని మీద దుప్పటి కప్పేశారు. పొద్దున పేపరు చదువుతారు, మధ్యాహ్నం అదే పేపరు వెనక పేజీ నుంచి ముందుకి చదువుతారు. నాకేమో కంప్యూటర్ కావాలి. చిన్న చిన్న స్క్రూలతో జన్మంతా గడిపిన మనిషి ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. ఇంతకంటే మంచి పొత్తు ఎక్కడ కుదురుతుంది?

ఏమేం కొనాలో చెప్పు. నాకు అర్థమయ్యే మాటల్లో చెప్పు. నీకు ఎక్కాలు నేర్పింది నేను కాబట్టి విసుక్కునే హక్కు నీకు లేదు.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
మంచు దిగని మధ్యాహ్నం

వదినా,

నవ్వాను. ఎందుకని జీపతను అడిగితే చెప్పాను, అతనూ నవ్వాడు. తర్వాత అతనే, బొమ్మలేసేవాళ్ళ చేతులు నిదానంగా ఉంటాయిలెండి, చేసేస్తారు అన్నాడు. నా మాటా అదే. ఇక్కడ గాలి లెక్కలు కట్టే మిషన్లన్నీ నేను విప్పి బిగించుకున్నవే. ఇంత పైకి ఏ మెకానిక్కూ ఎక్కి రాడు. అవసరమే నేర్పింది.

ముందు ప్రాసెసర్. లెక్కలన్నీ చేసేది అదే. అందరూ దాని దగ్గరే మోజుపడి అన్నిటికంటే పెద్దది కొంటారు. నీకు మధ్యరకం చాలు. తెర మీద బొమ్మ చూపించే శక్తి కూడా దానిలోనే ఉన్న రకం అడుగు. ర్యామ్ అంటే నీ పనిబల్ల వెడల్పనుకో. ఇరుకు బల్ల మీద రంగుల సీసాలన్నీ పేర్చుకుంటే ఒకటి అందుకోడానికి ఇంకోటి కింద పెట్టాలి. ఆ లాప్‌టాప్ చేస్తున్నది అదే, అందుకే రెండు తొండాలు. కాబట్టి ర్యామ్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఎస్ఎస్‌డీ అంటే బీరువా. రెండు తీసుకో, ఒకటి రోజువారీ పనికి, ఒకటి పాత బొమ్మలు దాచుకోడానికి. ఇవన్నీ కూచునే ఇల్లు మదర్‌బోర్డు. ప్రతి ప్రాసెసరూ ప్రతి బోర్డులో కూచోదు. ఈ రెండూ కలుస్తాయా అని కొనేముందు గట్టిగా అడుగు. పవర్ సప్లయ్ మాత్రం ఊరూ పేరూ లేనిది కొనకు. అది చెడితే ఊరికే పోదు, ఇరుగుపొరుగునీ వెంటబెట్టుకు పోతుంది.

ఏరుకోవడం నువ్వే ఏరుకో, సరదాగా ఉంటుంది. బిగించడం మాత్రం కొట్టువాళ్ళ చేత చేయించు. అన్నయ్యని ఇబ్బంది పెట్టకు. ఆ బోర్డు మీద అన్నీ సన్నపనులు, కళ్ళకి శ్రమ. ఆయనకిది కొత్త కూడా. కొట్టు మూసి ఇప్పుడిప్పుడే కాస్త విశ్రాంతిగా ఉన్నాడు, ఉండనీ. కొట్టువాళ్ళు చిటికెలో చేసిచ్చేస్తారు, పైగా ఏదైనా తేడా వస్తే బాధ్యత వాళ్ళది. అన్నయ్యకి మాత్రం ఈ పని చెప్పకు.

అన్నయ్య సరిగ్గా తింటున్నాడా? నడకకి వెళ్తున్నాడా? మాట్లాడుతున్నాడా?

నీ పిచ్చుక


ఇంటి నుంచి
ఎండ మళ్ళీ మొహం చూపించిన రోజు

పిచ్చుకా,

ర్యామ్ అంటే బల్ల అన్నావు చూడు, ఆ ఒక్క మాటతో నాకు సగం అర్థమైపోయింది. ఎవరైనా ముందే ఇలా చెప్పి ఉంటే ఇన్నాళ్ళూ ఆ లాప్‌టాప్‌ని తిట్టేదాన్ని కాదు. పాపం దాని బల్ల ఎంతని.

అయితే ఒకటి. అన్నయ్యని కదపొద్దన్న మాట నీ ఉత్తరంలో మూడు చోట్ల ఉంది. సన్నపని, కళ్ళకి శ్రమ అన్నావు. వాచీలో స్క్రూ నువ్వెప్పుడైనా చూశావా? దాని పక్కన పెడితే కంప్యూటర్ స్క్రూ పందిరి గుంజలా ఉంటుంది. ఆ సంగతి నీకు తెలియదా? చిన్నప్పుడు కొట్లో ఆ స్క్రూ ఒకటి నీ ఊపిరికి ఎగిరిపోతే మీ అన్నయ్య సాయంత్రం దాకా నేల మీద పాకారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది నీ వరస. నేను గట్టిగా ఏమీ అడగడం లేదు. చూశానని చెబుతున్నాను, అంతే.

బిగించేది ఇంట్లోనే. అది ఖాయం.

ఎదురింటి కుర్రాడు గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్ కంప్యూటరే కాదంటున్నాడు. నువ్వు దాని ఊసే ఎత్తలేదు. మర్చిపోయావా, వద్దనా?

అన్నయ్య తింటున్నారు. నడుస్తున్నారు. మాట్లాడటం అంటావా, అడిగినదానికి జవాబు చెబుతున్నారు.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
గాలి ఎక్కువగా ఉన్న పొద్దున

వదినా,

భుజాలు తడుముకోలేదు, చలికి ముడుచుకున్నాను. ఇక్కడ చలి నీకేం తెలుసు.

గ్రాఫిక్స్ కార్డు వద్దనే చెప్పలేదు. అది ఆటలాడేవాళ్ళకీ, సినిమాలు చేసేవాళ్ళకీ. నీ ఏనుగు నిలబడే ఉంటుంది కదా. ఎప్పుడైనా దాన్ని పరిగెత్తించాలనిపిస్తే అప్పుడు కొనుక్కోవచ్చు, బోర్డులో దాని చోటు దానికి ఖాళీగా ఉంటుంది. ఆ డబ్బు మానిటర్ మీద పెట్టు. నువ్వు రోజంతా చూసేది తెరని, లోపల ఏ చిప్పు ఉందో కాదు. రంగు తేడాగా చూపించే తెర మీద నువ్వెంత బాగా వేసినా, అచ్చులో చిలక కాకి అయిపోతుంది.

ప్రాసెసర్‌ని అంచులు పట్టుకునే ఎత్తు. కొన్ని రకాలకి అడుగున జుట్టంత సన్నని కాళ్ళు వరసగా ఉంటాయి, వేలు తగిలినా వంగిపోతాయి. మూల మీద చిన్న త్రికోణం గుర్తుంటుంది, బోర్డు మీదా అలాంటిదే ఉంటుంది, ఆ రెండూ కలిసేట్టు పెట్టి వదిలితే దానంతటదే దిగుతుంది. నొక్కకూడదు. ముట్టుకునే ముందు ఏదైనా ఇనప వస్తువు తాకు, ఒంట్లో ఉన్న కరెంటు పోతుంది.

ఇంట్లోనే అని ఖాయం చేశాక నేనేం చెప్పను. పోనీ, నువ్వే బిగించు. నీ చేత్తోనే.

నీ పిచ్చుక


ఇంటి నుంచి
కొనుక్కొచ్చిన మర్నాడు

పిచ్చుకా,

అట్టపెట్టెలన్నీ మేడ గదిలో పేర్చి, వాటి పక్కనే కూచుని రాస్తున్నాను.

మీ అన్నయ్య రానన్నారు. సరే, ఒక్కదాన్నే వెళ్తాను, వాళ్ళేది అంటగడితే అది తెచ్చుకుంటానన్నాను. చెప్పులేసుకుని వచ్చి నాకంటే ముందు వీధిలో నిలబడ్డారు.

కంప్యూటర్ కొట్ల సందు చూశావా ఎప్పుడైనా? మెట్లు ఎక్కాలి, మెట్ల మీద కూడా పెట్టెలే. మేం వెళ్ళిన కొట్లో కుర్రాడు నా నెరిసిన జుట్టు చూసి, మనవడికా అండీ అన్నాడు. నాకే అన్నాను. అయితే ఇదిగో అని అద్దాల క్యాబినెట్ ఒకటి చూపించాడు, లోపల దీపాలు ఎర్రగా నీలంగా తిరుగుతున్నాయి. దీపాలు ఆర్పితే పనిచేస్తుందా అని మీ అన్నయ్య అడిగారు. చేస్తుందన్నాడు. అయితే దీపాలు లేనిది చూపించమన్నారు. ఆ తర్వాత ఫ్యాన్లు ఒక్కొక్కటీ తిప్పించి, చెవి దగ్గర పెట్టించుకుని విన్నారు. ఒకదానికి ఇరుసు గీసుకుంటోందన్నారు. మాకు ఏమీ వినపడలేదు. కుర్రాడు దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తెచ్చాడు, దానికి తలూపారు.

మానిటర్ మాత్రం నేనే ఏరాను. పాత పుస్తకానికి వేసిన చిలక బొమ్మ సంచీలో పెట్టుకెళ్ళాను. వాళ్ళు తెరల మీద బంతాట చూపిస్తుంటే నేను ప్రతి తెర పక్కనా చిలకని పట్టుకు నిలబడ్డాను. ఆ బొమ్మ ఫోటో తీసి అన్నిటిలో పెట్టమన్నాను. చాలావాటిలో చిలకకి కామెర్లు వచ్చాయి. ఒక్కదానిలో నా ఆకుపచ్చ నా ఆకుపచ్చలాగే ఉంది. అది తీసుకున్నాం. ప్రాసెసర్, బోర్డు నువ్వన్నట్టే కలిసేవి. అడుగున కాళ్ళున్న రకమే, జాగ్రత్తగానే ఉంటాను. పవర్ సప్లయ్ దగ్గర మీ అన్నయ్య, బరువుగా ఉన్నది ఇమ్మన్నారు. తేలిగ్గా ఉన్నదాంట్లో ఏదో తగ్గించి ఉంటారట. కుర్రాడు నవ్వి, ఈసారి నిజంగానే మంచిది లోపల్నుంచి తెచ్చాడు. సగం సందు తిరిగాక నాకు తెలిసింది, ఎండాకాలం తర్వాత ఆయన అంతసేపు మాట్లాడింది ఇదే మొదలు.

ఇక అసలు మాట. అంతసేపూ ఆయన చేతులు జేబుల్లోనే ఉన్నాయి. ఫ్యాన్ కూడా కుర్రాడి చేత్తోనే చెవి దగ్గర పెట్టించుకున్నారు.

నాకు తెలుసు పిచ్చుకా. కొట్టు మూయకముందే తెలుసు. చొక్కా గుండీలు పెట్టుకోడానికి తలుపు వేసుకునేవారు. టీ సగం కప్పే పోయమనేవారు, ఎవరూ లేనప్పుడు తాగేవారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట, అలా ఉంది ఆయన వరస. నీకూ తెలుసని నీ మొదటి ఉత్తరంలోనే తెలిసింది. నోట్లో నువ్వుగింజ నానని పిల్లవి, ఇంతకాలం దాచావంటే నీకెంత బరువైందో.

కొట్లో బిగించి తెస్తే అది నా కంప్యూటర్ అవుతుంది, కిందగదిలో ఉంటుంది. ఇంట్లో బిగిస్తే మేడ గదిలో ఆ బల్ల మీది దుప్పటి తీయాలి. నాకు కావలసింది ఆ దుప్పటి తీయడం. బొమ్మలు కూడా నిజమే, ఏనుగు మీద ఒట్టు. కానీ బొమ్మల కోసమే అయితే కొట్టువాళ్ళ చేత బిగించుకునేదాన్ని.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
జీపు తిరిగి వెళ్ళేలోపు

వదినా,

జీపతను టీ తాగేంతవరకే టైము, అందుకని గబగబా రాస్తున్నాను. నీ ఉత్తరం చదివి కుర్చీలో వెనక్కి వాలాను. ఎంత తేలికైందో.

ఎండాకాలం చివర నన్ను చూడ్డానికని అన్నయ్య పైకి వచ్చాడు గుర్తుందా, ఆ రోజు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి వచ్చాడు. ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదన్నారట. కొన్ని కుటుంబాల్లో వయసుతో పాటు చేతుల్లో వణుకు వస్తుందట. మందులతో కొంత తగ్గుతుంది గాని, వాచీ పనికి చాలేంత తగ్గుతుందని మాట ఇవ్వలేనన్నారట. ఆ మాట చెప్పి, అదిగో మబ్బు, ఇదిగో మబ్బు అని నాకే మబ్బులు చూపించాడు. నీకు చెప్పమని బతిమాలాను. "మీ వదిన నన్ను పెళ్ళినాటి నుంచీ ఆ బల్ల దగ్గరే చూసింది. బల్ల దగ్గర లేని నన్ను చూస్తే ఎలా చూస్తుందో నాకు తెలియదే" అన్నాడు. నా చేత మాట తీసుకున్నాడు. కుటుంబంలో వస్తుందన్నారు కదా, ఆ తర్వాత నేనూ నా చేతులు చాచి చూసుకుంటున్నాను. ప్రస్తుతానికి రాళ్ళలా ఉన్నాయి.

నా భయమల్లా ఒకటే వదినా. బల్ల ముందు కూచుని, నీ ఎదురుగా, స్క్రూ పట్టుకోలేకపోతే? దుప్పటి కప్పుకునైనా మర్యాదగా ఉన్నాడు ఇప్పుడు. అది కూడా పోతే? అన్నయ్య సంగతి నీకంటే ఎవరికీ బాగా తెలియదు, తెలిసే చేస్తున్నావు. అయినా మెల్లిగా.

హారన్ కొడుతున్నాడు.

పిచ్చుక


ఇంటి నుంచి
బిగించిన వారంలోనే

పిచ్చుకా,

కూచుని చదువు. అంతా మంచే, అయినా కూచునే చదువు.

పొద్దున ఎండ కిటికీలోంచి బల్ల మీద పడే వేళకి దుప్పటి నేనే తీశాను. తుడుస్తుంటే ఆయన, తడిగుడ్డ వద్దు, ఆ చెక్క ఉబ్బుతుంది అన్నారు. అదే శుభం అనుకున్నాను. ఎదురు కుర్చీలో కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బోర్డుతో వచ్చిన పుస్తకం పైకి చదవడం మొదలుపెట్టారు. నేను ఇనప సొరుగు తాకి, ప్రాసెసర్ పెట్టె విప్పాను. అంచులే పట్టుకున్నాను. త్రికోణం వెతుకుదామని వెలుగులోకి తిప్పేసరికి జారింది.

కావాలని వదిలానని అనుకుంటావేమో. ఒట్టు, నిజంగానే జారింది. అలాంటి నాటకం ఆడేంత ధైర్యం నాకు లేదు. బల్ల అంచుకి తగిలి, తిరగబడి పడింది. తీసి చూస్తే ఒక మూల కాళ్ళు వరసగా వాలిపోయి ఉన్నాయి, గాలివానకి పైరు వాలినట్టు.

మీ అన్నయ్య లేచి నా పక్కకి వచ్చి, దాన్ని నా చేతిలోంచి తీసి బల్ల మీద బోర్లా పెట్టారు. అలవాటు కొద్దీ సొరుగు లాగి, కంటికి పెట్టుకునే భూతద్దం తీశారు. అది కంటిదాకా వెళ్ళలేదు. చేతిలో గడగడలాడి, చెక్క మీద పడి దొర్లింది.

ఇద్దరం దాన్నే చూస్తున్నాం.

"వణుకుతోంది" అన్నారు.

"తెలుసు" అన్నాను.

"ఎప్పట్నుంచి?"

"మీకు తెలిసినప్పట్నుంచే."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. కిటికీలోంచి వీధి చూస్తూ చాలాసేపు కూచున్నారు. అప్పుడు నిజంగా భయమేసింది, నువ్వు చెప్పిందే జరిగిందేమో, లేచి కిందికి వెళ్ళిపోతే ఇక ఈ గదికి ఎప్పటికీ రారేమో అని. "కొట్టు మూసినప్పటి నుంచీ నీ ముందు చేతులూపుకుంటూ నడవడానికి కూడా ఆలోచించాల్సి వస్తోంది" అన్నారు, వీధినే చూస్తూ. "ఆలోచించి నడిచినా నాకు ఎదురు రావాల్సిందేగా, ఇల్లు ఇంతే కదా" అన్నాను. పెదవి కాస్త వంకర పోయింది. నవ్వో కాదో తెలియదు.

తర్వాత సొరుగులోంచి తోలు సంచీ తీసి, అందులోంచి అన్నిటికంటే సన్న పట్టకారు తీశారు. నా పెళ్ళయినప్పటి నుంచీ నన్నే కాదు, ఎవర్నీ తాకనివ్వని పట్టకారు. నా ముందు పెట్టారు.

"కొన దగ్గర పట్టుకోకు. నడుము దగ్గర పట్టుకో. మోచెయ్యి చెక్కకి ఆనించు. ఊపిరి పూర్తిగా వదిలాకే కదుపు."

నా బొమ్మల పెద్ద భూతద్దం స్టాండుకి బిగించి, దాని కింద ఒక్కొక్క కాలూ లేపాను. ఒకసారికి లేపేది ఇసుకరేణువంత. తొందరపడితే విరుగుతుంది, విరిగితే అంతే సంగతులు. ఒకటి లేపగానే పట్టకారు పక్కన పెట్టమనేవారు. ఆయన రెండు మోచేతులూ బల్లకి ఆనించి, భూతద్దం కంటికి అదిమిపెట్టుకుని, వంగి చూసేవారు. ఇంకా వెలుపలికి ఉంది అనేవారు, లేదా తర్వాతది అనేవారు. ఒక్కసారీ బాగుందనలేదు. ఒక కాలుకి నేను ఊపిరి బిగబట్టానని కేకలేశారు. అంత గట్టిగా కేకలేసి ఎన్నాళ్ళయిందో. ఇంకొకసారి ఆ గొంతు వినాలని మళ్ళీ బిగబట్టాను.

మధ్యాహ్నం భోజనం మర్చిపోయాం. అన్నీ నిలబడ్డాక త్రికోణాలు కలిపి పెట్టి వదిలితే, నువ్వన్నట్టే, నొక్కకుండా దానంతటదే దిగింది. మిగతావి సాయంత్రానికి అయ్యాయి. మొదటిసారి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. ఏదో సరిగ్గా కూచోలేదు, అన్నీ మళ్ళీ చూడమన్నారు. ర్యామ్ ఒకటి ఒకవైపు పూర్తిగా దిగలేదు. టక్కుమనేదాకా నొక్కాను. తెర వెలిగింది. ఇద్దరం తెర వైపు అలా చూస్తూ కూచున్నాం, అందులో అక్షరాలు తప్ప ఏమీ లేవు.

వదిన


కొండ మీది వాతావరణ కేంద్రం
ఆకాశం తేటగా ఉన్న రోజు

వదినా,

నీ ఉత్తరం జీపతనికి చదివి వినిపించాను, తోలు సంచీ దగ్గర అతను మళ్ళీ చదవమన్నాడు.

అన్నయ్య ఒకపక్క, నువ్వొకపక్క, మధ్యలో ఒక్క ప్రాసెసర్; నువ్వు పని ఆపితే తప్ప ఆయన చూడలేడు కదా. ఇక్కడ దుమ్ము రేణువులు చూడ్డానికి మాకొక చిన్న కెమెరా ఉంది. స్టాండుకి బిగించి, తీగ కంప్యూటర్‌కి పెడితే, కింద ఉన్న రేణువు తెర మీద గుమ్మడికాయంత కనపడుతుంది. బయట మామూలుగానే దొరుకుతుంది, పెద్ద ఖరీదూ కాదు. నీకంత మంచి తెర ఉంది. నువ్వు పనిచేస్తున్నంతసేపూ ఆయన కుర్చీలో కూచుని చూడొచ్చు.

వాచీలకి కూడా పనికొస్తుంది. ఊరికే చెబుతున్నాను.

అన్నయ్య నిన్న ఫోన్ చేశాడు. గాలిలో సగం పోయింది. నీకు పట్టకారు పట్టుకోవడం రాదని మాత్రం స్పష్టంగా వినపడింది.

పిచ్చుక


కొట్టు నుంచి
చలి తగ్గాక

పిచ్చుకా,

పైన ఎక్కణ్ణుంచి అని రాశానో చూశావా? కౌంటర్ మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన కెమెరా వచ్చింది. మొదటి నెలంతా ఇంట్లోనే పాడైపోయిన వాచీల మీద నేర్చుకున్నాను. తెర మీద వాచీ లోపలి చక్రాలు ఒక్కొక్కటీ కంచమంత కనపడుతుంటే, ఇంత అందమైనదాని పక్కనే ఇన్నేళ్ళు కాపురం చేసి ఎప్పుడూ చూడలేదే అనిపించింది. చూడ్డానికి బాగుంటే సరా, చేతికి రావద్దూ. స్ప్రింగులు ఎగరగొట్టాను. ఒక చక్రం పళ్ళు వంచాను. ఆయన తెర మీద స్కేలుతో చూపిస్తూ, ఎడమ, ఎడమ అంటే, తెరలో ఎడమ నాకు కుడి. దాని మీద ఒక పూటంతా పోట్లాడుకున్నాం. చివరికి కెమెరాని తిప్పి బిగిస్తే సరిపోయింది. అంత చదువుకున్నావు, ఆ మాట నువ్వైనా చెప్పలేదు.

ఇంత జరిగాక కొట్టు తెరుద్దామన్నది ఆయనే. బల్లని బండి మీద వేయించి, కంప్యూటర్‌ని రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాం. పొద్దున అది వాచీలకి, మధ్యాహ్నం నుంచి నా బొమ్మలకి. ఏనుగు పుస్తకం పంపించేశాను. చెవులు నచ్చాయట. వచ్చేసారి నక్క కావాలన్నారు. మీ అన్నయ్య డాక్టరిచ్చిన మందు వేసుకుంటున్నారు, టీ కాస్త నయంగా తాగుతున్నారు. అంతకుమించి ఆశపడటం లేదు, దిగులూ పడటం లేదు.

నిన్న ఒక రిటైరైన మాష్టారు వచ్చారు. ఆయన భార్య వాచీ అట, ఆవిడ పోయాక సొరుగులో ఆగిపోయి ఉందట. ఇంకో రెండు చోట్ల ఇది ఇక అవదు, పారేయండి అన్నారట. మీ అన్నయ్యకి ఇవ్వబోతే, ఆయన నా వైపు చూపించి, "రిపేరు ఆవిడ చేస్తుంది. తప్పులు నేను పడతాను" అన్నారు. మాష్టారికి నమ్మకం కుదిరినట్టు లేదు, అయినా కూచున్నారు. తెర ఆయనకీ కనపడేట్టు తిప్పాం. తన భార్య చేతికుండిన వాచీ లోపల ఏముందో చూస్తూ కూచున్నారు. గట్టిపడిన పాత నూనె అంతా తుడిచి, చక్రాలన్నీ తిరిగి పెట్టి, చివరి స్క్రూ బిగించేటప్పుడు మీ అన్నయ్య నోరెత్తలేదు. అప్పుడే తెలిసింది నాకు, తప్పు లేదని.

కీ ఇచ్చి మాష్టారికి ఇచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే నిలబడ్డారు. మేమిద్దరం ఆయన్ని కదపలేదు. కాసేపయ్యాక వాచీ జేబులో పెట్టుకుని, ఇద్దరికీ కలిపి ఒకటే నమస్కారం పెట్టి వెళ్ళారు.

మీ అన్నయ్య కళ్ళజోడు తుడుచుకుని, ఊఁ, తర్వాతది తియ్యి అన్నారు.

వదిన